యాంప్లిఫయర్ క్లాసులు: లెక్క వేసి, కొలిచి, సరిచేసుకోవడం ఎలా

పవర్ యాంప్లిఫయర్ ఏ క్లాసుదైనా చేసే పని ఒకటే. సప్లైలో సిద్ధంగా ఉన్న డీసీని, ఇన్‌పుట్‌లో వచ్చే చిన్న సిగ్నల్ ఎలా కదిలితే అలా స్పీకర్‌లోకి వదులుతుంది. ఆ పని చేసేవి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు. సిగ్నల్ ఒక పూర్తి తరంగం వేసే లోపల ఒక్కో ట్రాన్సిస్టర్ ఎంతసేపు కరెంటు మోస్తుందో దాన్ని బట్టి ఏ, బీ, ఏబీ అని క్లాసులు పెట్టారు. జీ, హెచ్ క్లాసుల్లో దానికి తోడు సప్లై కూడా కదులుతుంది. డీ క్లాసులో ట్రాన్సిస్టర్ స్విచ్చులా పనిచేస్తుంది. ఎంత వేడెక్కాలి, ఎంత హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కలు) పెట్టాలి, డిస్టార్షన్ (తరంగం రూపు చెడడం) ఎక్కడ పుడుతుంది అన్నవన్నీ దీని నుంచే వస్తాయి.

అందుకే అక్షరం చూసి మంచీచెడూ తేల్చకండి. కింది వరుసలో వెళ్తే మీ దగ్గరున్న బోర్డు ఏ రకమో, నిజంగా ఎన్ని వాట్లు ఇవ్వగలదో, ఎంత వేడి మామూలో మీరే చెప్పగలరు. మిల్లీవోల్టులు చూపే డిజిటల్ మల్టీమీటర్, 8 ఓముల డమ్మీ లోడ్ (స్పీకర్‌కు బదులు తగిలించే పెద్ద రెసిస్టర్), 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు (ఎల్‌ఈడీ పనికిరాదు), 220 ఓముల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముందు జాగ్రత్త మాట. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టెను విప్పితే లోపల మెయిన్స్ కరెంటు తగిలే చోట్లు ఉంటాయి. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. 220 ఓముల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఒక్కో కెపాసిటర్ కాళ్లకు తగిలించి పట్టుకోండి. 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ అయితే పది పన్నెండు సెకన్లలో ఖాళీ అవుతుంది. మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డుపెట్టి టప్‌మనిపించే అలవాటు ఉంటే మానుకోండి, కెపాసిటర్ కాళ్లు, బోర్డు ట్రాకులు రెండూ పాడవుతాయి.

మొదటి పని: సప్లై వోల్టేజి నుంచి నిజమైన వాట్లు లెక్కకట్టండి

క్లాసు ఏదైనా స్పీకర్‌కు వెళ్లే వోల్టేజి సప్లైని దాటదు. స్పీకర్‌కు ముందు ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజిని మార్చుకునే వాల్వు సెట్లను పక్కన పెడితే ఈ సూత్రం అన్నిటికీ పనిచేస్తుంది. తరంగం శిఖరం దగ్గర వోల్టేజి ఎంతో చూసి, దాన్ని దానితోనే గుణించి, స్పీకర్ ఓములకు రెట్టింపుతో భాగించండి. వచ్చేది సైన్ తరంగానికి వాట్లు.

ప్లస్ 35, మైనస్ 35 వోల్టుల సప్లై, 8 ఓముల స్పీకర్ అనుకోండి. 35 ఇంటూ 35 అంటే 1225. దాన్ని 16తో భాగిస్తే 76 వాట్ల పైచిలుకు. ఇది కాగితం మీద లెక్క. ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ రెసిస్టర్లు, లోడ్ పడ్డప్పుడు కుంగే సప్లై కలిసి మూడు నాలుగు వోల్టులు తినేస్తాయి. 31 వోల్టులే మిగిలితే 60 వాట్లు.

బ్రిడ్జి పద్ధతిలో, అంటే స్పీకర్ రెండు కొసలనూ రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా నడిపే పద్ధతిలో, ఒక్క సప్లైతోనే శిఖరం దాదాపు సప్లై అంత ఎత్తుకు వెళ్తుంది. కారు సెట్లలో ఉండేది ఇదే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు అనుకుంటే 4 ఓముల్లోకి గట్టిగా 26 వాట్లు. మరి పెట్టె మీద 'చానెల్‌కు 50 వాట్లు' ఎక్కడ నుంచి వచ్చింది? తరంగం పూర్తిగా చదునైపోయి చదరపు తరంగం అయ్యేదాకా తోసి కొలిస్తే పవర్ సరిగ్గా రెట్టింపు అవుతుంది. అబద్ధం కాదు గానీ ఆ శబ్దాన్ని ఎవరూ వినలేరు. ఇక పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) పేరుతో వేసే వందలు వేల వాట్ల సంఖ్యలకు లెక్కే లేదు, వాటిని చదవకుండా దాటేయండి.

రెండో పని: వేడి ఎక్కడ పుడుతుందో పట్టుకోండి

ట్రాన్సిస్టర్‌లో వేడి అంటే దాని మీద నిలిచిన వోల్టేజిని అందులో పారే కరెంటుతో గుణించడమే. సప్లై 35 వోల్టులుండి ఆ క్షణంలో స్పీకర్‌కు 10 వోల్టులే కావాలంటే మిగిలిన 25 వోల్టులు ట్రాన్సిస్టర్ మీదే పడతాయి. ఆ సమయంలో కరెంటు పారుతోంది కాబట్టి అదంతా వేడే. ఇక్కడి నుంచి ఒక్కో క్లాసూ ఈ వేడితో ఏం చేసిందో చూడండి.

క్లాస్ ఏ వేడిని అసలు పట్టించుకోలేదు. ట్రాన్సిస్టర్ ఎప్పుడూ ఆగదు, తరంగం మొత్తం, అంటే 360 డిగ్రీలూ కరెంటు పారుతూనే ఉంటుంది. పాట లేకపోయినా పారుతుంది. స్పీకర్‌కు ఎక్కువలో ఎక్కువ ఎంత కరెంటు కావాలో దానికి సరిపడా నిలకడ కరెంటు ముందే పెట్టేస్తారు. బ్రిటన్‌కు చెందిన సర్క్యూట్ డిజైనర్ జాన్ లిన్స్లీ హుడ్ 1969లో ప్రచురించిన చిన్న 10 వాట్ల సర్క్యూట్‌ను ఇప్పటికీ చాలామంది కట్టుకుంటున్నారు. 8 ఓములకు దానికి 27 వోల్టులు, 1.2 యాంపియర్లు కావాలి. అంటే ఒక్కో చానెల్ 32 వాట్లు లాగుతూనే ఉంటుంది, ఇచ్చేది మాత్రం పదే.

రెండు ట్రాన్సిస్టర్ల పుష్‌పుల్ క్లాస్ ఏ కాస్త నయం, సిద్ధాంతం ప్రకారం లాగే పవర్‌లో 50% దాకా స్పీకర్‌కు ఇవ్వవచ్చు. అయినా 8 ఓముల్లోకి 50 వాట్లు కావాలంటే శిఖరం దగ్గర కరెంటు 3.5 యాంపియర్లు, అందులో సగం నిలకడగా పెట్టాలి. ప్లస్ మైనస్ 32 వోల్టుల మీద అది చానెల్‌కు 113 వాట్ల వేడి. స్టీరియో అయితే దానికి రెట్టింపు. తమాషా ఏమిటంటే వాల్యూమ్ పెంచితే క్లాస్ ఏ చల్లబడుతుంది. లాగే కరెంటు మారదు, అందులో కొంత స్పీకర్‌కు వెళ్తుంది కాబట్టి హీట్ సింక్‌కు తగ్గుతుంది. మీ యాంప్లిఫయర్ పాట లేనప్పుడే బాగా కాలుతూ, సప్లై నుంచి లాగే కరెంటు వాల్యూమ్‌తో మారకపోతే అది క్లాస్ ఏ.

క్లాస్ బీలో ఇద్దరు కలిసి లాగే కోత రంపం పద్ధతి. ప్లస్ సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, మైనస్ సగాన్ని ఇంకోటి. ఒకటి లాగుతుంటే రెండోది వదిలేస్తుంది. పాట లేకపోతే కరెంటు సున్నా. సైన్ తరంగాన్ని పూర్తి పవర్‌తో నడిపితే సిద్ధాంతం ప్రకారం 78.5% పవర్ స్పీకర్‌కు చేరుతుంది. లోపం చేతులు మారే దగ్గర ఉంది. సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ మధ్య సుమారు 0.6 వోల్టు వచ్చేదాకా కదలదు. తరంగం సున్నా దాటేటప్పుడు ఒకటి ఆగిపోయి, రెండోది ఇంకా మొదలుకాక, మధ్యలో చిన్న ఖాళీ వస్తుంది. దీన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు.

ఈ ఖాళీ సైజు వాల్యూమ్‌తో మారదు. అందుకని పెద్ద శబ్దంలో అది కలిసిపోతుంది, చిన్న శబ్దంలో కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. రాత్రి పూట తక్కువ వాల్యూమ్‌లో గొంతు గరగరలాడుతూ, వాల్యూమ్ పెంచగానే బాగైపోతే అనుమానించాల్సింది స్పీకర్‌ను కాదు, బయాస్‌ను, అంటే పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లను కాస్త తెరిచి ఉంచే సెట్టింగ్‌ను.

క్లాస్ ఏబీ అంటే ఆ చేతులు మారే చోట ఇద్దరూ కాసేపు పట్టుకుని ఉండడం. రెండు ట్రాన్సిస్టర్లలోనూ పాట లేనప్పుడు కూడా కొద్దిగా కరెంటు పారిస్తారు. చాలామంది 'చిన్న శబ్దాలకు ఇది క్లాస్ ఏలాగే పనిచేస్తుంది' అంటారు. నిజమే, కానీ ఎంత చిన్న శబ్దం? నిలకడ కరెంటు 100 మిల్లీ యాంపియర్లయితే శిఖరం 200 మిల్లీ యాంపియర్లు దాటేదాకా మాత్రమే. 8 ఓముల్లో అది 0.16 వాట్లు. ఆపైన అంతా బీ లాగే. ప్రకటనల్లో ఈ మాట కనిపిస్తే ఈ సంఖ్య గుర్తుంచుకోండి.

మూడో పని: హీట్ సింక్ సరిపోతుందో చూడండి

క్లాస్ బీ, ఏబీలలో ఎక్కువ వేడి పుట్టేది పూర్తి పవర్ దగ్గర కాదు. సుమారు 40% పవర్ దగ్గర. పైన చెప్పిన ప్లస్ మైనస్ 35 వోల్టులు, 8 ఓములు తీసుకుంటే పూర్తి పవర్ దగ్గర రెండు ట్రాన్సిస్టర్లలో కలిపి 21 వాట్ల వేడి, 31 వాట్లు మాత్రమే వాయిస్తున్నప్పుడు 31 వాట్ల వేడి పుడుతుంది. పార్టీలో 'ఫుల్లుగా పెట్టలేదు, అయినా కాలిపోయింది' అనేవాళ్ల మాట నమ్మదగ్గదే.

ఈ గరిష్ఠ వేడికి ఒక సులువు లెక్క ఉంది. ఒక వైపు సప్లై వోల్టేజిని దానితోనే గుణించి, ఓములతో భాగించి, దానిలో ఐదో వంతు తీసుకోండి. 1225 బై 8, ఐదో వంతు, సుమారు 31. అదే 4 ఓముల స్పీకర్ పెడితే 62. స్పీకర్ మార్చడం వల్ల వేడి రెట్టింపయింది, మీరు వాల్యూమ్ ముట్టుకోకపోయినా.

ఇప్పుడు హీట్ సింక్. గది 35 డిగ్రీలు, హీట్ సింక్ 65 దాటకూడదు అనుకుంటే 30 డిగ్రీల తేడాలో 31 వాట్లు వదలాలి. అంటే వాటుకు ఒక డిగ్రీ రకం కావాలి. డేటాషీట్లలో హీట్ సింకులకు ఈ సంఖ్యే ఇస్తారు. పాట సైన్ తరంగంలా ఏకధాటిగా ఉండదు, సగటు చాలా తక్కువ, అందుకని ఇంట్లో వినడానికి ఇంతకన్నా చిన్నది కూడా సరిపోతుంది. కానీ గంటల తరబడి గట్టిగా వాయించే చోట తగ్గించకండి. 50 వాట్ల క్లాస్ ఏకు ఇదే లెక్క వేస్తే వాటుకు 0.27 డిగ్రీ వస్తుంది. ఆ హీట్ సింక్ చాలా పెద్దది.

నాలుగో పని: క్లాస్ ఏబీ బయాస్ సెట్ చేయండి

ఇంట్లో చేయగలిగిన రిపేర్లన్నిటిలో నాకు ఎక్కువ ఫలితం కనిపించేది ఇదే. ఐసీ బోర్డులకు ఇది అవసరం లేదు. టీడీఏ 2030, ఎల్‌ఎం 3886, టీడీఏ 7294 లాంటివన్నీ క్లాస్ ఏబీవే, బయాస్ లోపలే చూసుకుంటాయి. విడి ట్రాన్సిస్టర్ల బోర్డు అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పక్కన తెల్లటి సిమెంట్ రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీద 0.22 లేదా 0.33 అని రాసి ఉంటుంది. అవే ఎమిటర్ రెసిస్టర్లు. దగ్గర్లో ఒక ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న వేరియబుల్ రెసిస్టర్), హీట్ సింక్‌కు అంటుకుని ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ కనిపిస్తాయి. ఆ చిన్న ట్రాన్సిస్టరే బయాస్‌ను కాపాడేది.

ఎందుకు కాపాడాలంటే, ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే అది తెరుచుకునే వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 30 డిగ్రీలకు 60 మిల్లీవోల్టులు. బయాస్ వోల్టేజి అలాగే ఉండి, ఎమిటర్ రెసిస్టర్లు అడ్డుపడకపోతే, ఆ కాస్త తేడాకే నిలకడ కరెంటు పది రెట్లు అవుతుంది. కరెంటు పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్లీ కరెంటు. దీని చివర ట్రాన్సిస్టర్ షార్ట్ అవడమే. హీట్ సింక్ మీది చిన్న ట్రాన్సిస్టర్ కూడా వేడెక్కి, తన వంతుగా బయాస్ వోల్టేజిని తగ్గిస్తుంది. కాబట్టి రిపేర్ చేసేటప్పుడు దాన్ని గాలిలో వేలాడనివ్వకండి, తిరిగి హీట్ సింక్‌కు బిగించాకే కరెంటు ఇవ్వండి.

ఇక వరుస చూడండి.

1. స్పీకర్లు తీసేయండి. ఇన్‌పుట్‌ను షార్ట్ చేయండి, వాల్యూమ్ సున్నాలో పెట్టండి.

2. బోర్డు కొత్తగా రిపేర్ చేసినదైతే ప్రీసెట్‌ను తక్కువ బయాస్ వైపు తిప్పి ఉంచండి. ఏ వైపు తక్కువో సర్క్యూట్ చూసి తేల్చుకోండి, ఊహించకండి.

3. మెయిన్స్ వైరుకు సిరీస్‌లో ఫిలమెంట్ బల్బు పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిదే. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపండి. క్లాస్ ఏ యాంప్లిఫయర్‌కు ఈ పరీక్ష సగమే పనికొస్తుంది, ఎందుకంటే బాగున్నా అది బల్బును వెలిగిస్తూనే ఉంటుంది.

4. స్పీకర్ టెర్మినల్ మీద డీసీ వోల్టేజి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు. వోల్టులలో ఉంటే బయాస్ సంగతి తర్వాత, ముందు ఆ లోపం పట్టుకోండి. ఆ స్థితిలో స్పీకర్ తగిలిస్తే వాయిస్ కాయిల్ కాలిపోతుంది.

5. బల్బు తీసేయండి. బల్బు ఉండగా సప్లై కుంగి ఉంటుంది, దాని మీద చేసిన సెట్టింగ్ నిలవదు.

6. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక ఎమిటర్ రెసిస్టర్ రెండు కొసలకు క్లిప్పులతో తగిలించండి. చేత్తో పట్టుకుని కొలవకండి, ప్రోబ్ జారి పక్క కాలికి తగిలిందంటే కథ అయిపోయినట్టే. 0.22 ఓముల మీద 10 మిల్లీవోల్టులు అంటే 45 మిల్లీ యాంపియర్లు.

7. ప్రీసెట్‌ను నెమ్మదిగా తిప్పుతూ సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన సంఖ్యకు తెండి. మూత పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. చివరి సెట్టింగ్ వేడి మీదే చేయాలి.

మాన్యువల్ దొరక్కపోతే ఏ సంఖ్య పెట్టాలి? హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన బార్నీ ఆలివర్ 1971లో దీని లెక్క చూపించారు. మామూలు ఎమిటర్ ఫాలోయర్ అవుట్‌పుట్‌లో ఒక్కో ఎమిటర్ రెసిస్టర్ మీద సుమారు 25 మిల్లీవోల్టులు ఉన్నప్పుడు చేతులు మారే చోట గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు చేస్తుందన్నది) అన్నిటికన్నా నున్నగా ఉంటుంది. ఆ సంఖ్య సిద్ధాంతం నుంచి వచ్చినది, ప్రతి హీట్ సింకూ దాన్ని తట్టుకోవాలని లేదు. నేనైతే 10తో మొదలుపెట్టి, వేడి చూసుకుంటూ 20 దాకా వెళ్తాను. ప్లస్ మైనస్ 35 వోల్టుల మీద, 0.22 ఓములకు 25 మిల్లీవోల్టులు పెడితే ఊరికే కూర్చున్నా చానెల్‌కు 8 వాట్లు వేడి అవుతుంది.

'బయాస్ ఇంకా పెంచితే క్లాస్ ఏకు దగ్గరవుతుంది కదా, ఇంకా బాగుంటుంది' అనే ఆలోచన చాలామందికి వస్తుంది. అది తప్పు. బయాస్ మరీ పెంచితే రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేసే భాగం వెడల్పవుతుంది. అక్కడ రెండూ కలిసి గెయిన్‌కు తోడ్పడతాయి, ఆ భాగం దాటగానే ఒక్కటే మిగులుతుంది. ఆ మెట్టు కొత్త డిస్టార్షన్ తెస్తుంది. ఏబీలో ఉంటే ఆ సరైన సంఖ్య దగ్గరే ఉండాలి, లేదా పూర్తిగా క్లాస్ ఏకు పోవాలి. మధ్యలో ఆగితే వేడి దండగ.

లాటరల్ మాస్‌ఫెట్లు అనే ఇంకో రకం ట్రాన్సిస్టర్ల బోర్డుల్లో ఎమిటర్ రెసిస్టర్ల లాంటివి ఉండకపోవచ్చు. అప్పుడు ప్లస్ సప్లై ఫ్యూజు తీసి దాని స్థానంలో 10 ఓముల రెసిస్టర్ పెట్టండి. దాని మీద 1 వోల్టు కనిపిస్తే 100 మిల్లీ యాంపియర్లు. అందులో ముందు స్టేజీల కరెంటు కూడా కలిసి ఉంటుంది, ఆ కాస్త తీసేసి చూసుకోండి. ఈ రకం మాస్‌ఫెట్లు సుమారు 100 మిల్లీ యాంపియర్లు దాటాక వేడెక్కిన కొద్దీ కరెంటును తామే తగ్గించుకుంటాయి, కాబట్టి వేడి, కరెంటు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే పైన చెప్పిన పరుగు వీటికి లేదు.

ఐదో పని: జీ, హెచ్ క్లాసులను గుర్తుపట్టండి

ఇవి ఏబీకి తమ్ముళ్లే. వేడికి కారణం ట్రాన్సిస్టర్ మీద మిగిలిపోయిన వోల్టేజి కదా, అయితే సప్లైనే తగ్గిస్తే? క్లాస్ జీలో రెండు సప్లైలు ఉంటాయి. పాట నెమ్మదిగా ఉన్నంతసేపు తక్కువ సప్లై, శిఖరం రాగానే ఎక్కువ సప్లై. హిటాచీ 1977 ప్రాంతంలో ఈ పద్ధతితో ఇళ్లలో వాడే సెట్లు తెచ్చింది. సభలకు వాడే భారీ యాంప్లిఫయర్లలోనూ ఇది కనిపిస్తుంది. లోపల ఫిల్టర్ కెపాసిటర్లు నాలుగు, వాటిలో రెండు ఒక వోల్టేజివి, రెండు ఇంకో వోల్టేజివి అయితే మీరు దీన్నే చూస్తున్నట్టు.

క్లాస్ హెచ్‌లో సప్లైని అవసరమైనప్పుడు పైకి ఎత్తుతారు. టీడీఏ 1562 ఐసీ మంచి ఉదాహరణ. కారు 14.4 వోల్టుల మీద 4 ఓముల్లోకి 26 వాట్లే సాధ్యమని పైన లెక్కకట్టాం. ఇది బయట పెట్టిన కెపాసిటర్లలో చార్జి దాచి, శిఖరం వచ్చినప్పుడు దాన్ని సప్లైకి కలిపి 70 వాట్లు ఇస్తుంది. ఆ కెపాసిటర్లు ఎండిపోతే ఐసీ బాగున్నా పవర్ పడిపోతుంది. జీకి, హెచ్‌కి తేడా కంపెనీని బట్టి మారుతుంటుంది, అక్షరం కోసం వాదించుకోనక్కర్లేదు.

ఆరో పని: క్లాస్ డీని దాని పద్ధతిలో చూడండి

పూర్తిగా తెరుచుకున్న ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారినా దాని మీద వోల్టేజి ఉండదు. పూర్తిగా మూసుకున్నదాని మీద వోల్టేజి ఉన్నా కరెంటు పారదు. రెండిట్లోనూ గుణకారం దాదాపు సున్నా. క్లాస్ డీ చేసేదంతా ట్రాన్సిస్టర్‌ను ఈ రెండు స్థితుల మధ్యే ఉంచడం.

ఆడియో సిగ్నల్‌ను, కొన్ని వందల కిలోహెర్ట్జ్‌ల వేగంతో నడిచే త్రికోణ తరంగాన్ని కంపారేటర్‌లో (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పే సర్క్యూట్‌లో) పోలుస్తారు. సిగ్నల్ పైన ఉన్నంతసేపు అవుట్‌పుట్ ప్లస్ సప్లైకి, కింద ఉన్నంతసేపు మైనస్‌కు. సిగ్నల్ ఎత్తు పెరిగితే పల్సు వెడల్పు పెరుగుతుంది. ఇందులో డిజిటల్ ఏమీ లేదు, వెడల్పు ఎంతైనా ఉండొచ్చు, మెట్లు లేవు. ఆ పల్సుల సగటే అసలు పాట. ఆ సగటు తీసేది అవుట్‌పుట్‌లోని కాయిల్, కెపాసిటర్. బోర్డు మీద 10 మైక్రోహెన్రీల కాయిల్, 0.68 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే ఫిల్టర్ 60 కిలోహెర్ట్జ్ దగ్గర కోస్తుంది. వినిపించేది దాటిపోతుంది, స్విచ్చింగ్ ఆగిపోతుంది.

ఆలోచన పాతదే. బ్రిటన్‌లో సింక్లెయిర్ 1964లోనే ఎక్స్-10 పేరుతో కిట్ అమ్మింది. అప్పటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేక అది నిలవలేదు. వేగంగా స్విచ్ అయ్యే మాస్‌ఫెట్లు వచ్చాకే డీ క్లాసుకు రోజులు వచ్చాయి. ఇప్పుడు 90% సామర్థ్యం మామూలు. 50 వాట్లు ఇస్తూ ఐదున్నర వాట్లే వేడి చేస్తుంది. అందుకే వేలెడంత హీట్ సింక్. 'క్లాస్ టీ' అని రాసి ఉన్నా లోపల డీయే, అది ట్రైపాత్ కంపెనీ పెట్టుకున్న పేరు.

పాత పద్ధతిలో దీన్ని కొలిస్తే కంగారు పడతారు. బ్రిడ్జి రకం బోర్డులో, 24 వోల్టుల సప్లైతో, స్పీకర్ టెర్మినల్‌కు గ్రౌండ్‌కు మధ్య 12 వోల్టులు కనిపిస్తాయి. అది పాడైనట్టు కాదు. రెండు టెర్మినళ్లూ సగం సప్లై దగ్గరే కూర్చుంటాయి, స్పీకర్ చూసేది ఆ రెండిటి మధ్య తేడాను. డీసీ కొలవాలంటే మీటరును ఆ రెండిటి మధ్యే పెట్టండి. ఇందుకే ఎడమ, కుడి స్పీకర్ల మైనస్ వైర్లను కలిపేయకూడదు, వాటిని గ్రౌండ్‌కు, కారు బాడీకి తగిలించకూడదు. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పును కూడా ఏ టెర్మినల్‌కూ పెట్టకండి.

స్విచ్ మోడ్ అడాప్టర్‌తో నడిచే బోర్డును సిరీస్ బల్బుతో పరీక్షించాలని చూస్తే అడాప్టర్ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. కరెంటు పరిమితి పెట్టుకోగల బెంచ్ సప్లై వాడండి.

సప్లై గురించి ఇంకో మాట. టీపీఏ 3116 ఐసీ డేటాషీట్‌లో 21 వోల్టుల మీద 4 ఓముల్లోకి చానెల్‌కు 50 వాట్లు అని ఉంటుంది. అదే బోర్డును ఇంట్లో పడి ఉన్న 12 వోల్టుల అడాప్టర్‌తో నడిపితే మొదటి పనిలోని లెక్క ప్రకారం 144 బై 8, అంటే 18 వాట్లే. 'చిన్న బోర్డు, బాస్ రాగానే పగులుతోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు బోర్డు మార్చడం కాదు, అడాప్టర్ మార్చడం. ఐసీ ఒప్పుకునే గరిష్ఠ వోల్టేజి, బోర్డు మీది కెపాసిటర్లపై రాసిన వోల్టేజి రెండూ చూసుకుని మార్చండి.

ఫిల్టర్ కాయిల్ చిన్నదైతే గట్టి వాల్యూమ్‌లో దాని కోర్ అయస్కాంతత్వంతో నిండిపోతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది, కాయిల్ కాలుతుంది. ఫిల్టర్‌ను 4 ఓములకు లెక్కేసి, మీరు 8 ఓములు తగిలిస్తే పై స్వరాలు కాస్త ఎత్తుగా వినిపించవచ్చు. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే (అవుట్‌పుట్‌ను వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చి సరిచేసుకునే) మంచి డిజైన్లలో ఈ సమస్య ఉండదు. డీ క్లాసుల్లో మంచీ చెడూ తేల్చేది నా దృష్టిలో ఇదే. స్విచ్చింగ్ ఎన్ని కిలోహెర్ట్జ్ అన్నది కాదు.

ఏడో పని: ఎంచుకోండి

బ్యాటరీతో నడిచేది, చిన్న పెట్టెలో పట్టాల్సినది, సబ్‌వూఫర్, సభలకు గట్టి పవర్: ఇవన్నీ కళ్లు మూసుకుని డీ. ఇంట్లో వినడానికి, చేత్తో రిపేర్ చేసుకోవడానికి, పదేళ్ల తర్వాత కూడా విడిభాగాలు దొరకడానికి ఏబీ. బయాస్ సరిగా ఉన్న ఏబీని, మంచి డీని వాల్యూమ్ సమానం చేసి పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. క్లాస్ ఏ అయితే చిన్న గది, సున్నితమైన స్పీకర్లు, వేడిని భరించే ఓపిక మూడూ ఉన్నవాళ్లకు. హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లలో మాత్రం దాన్ని నేను నిస్సంకోచంగా చెప్తాను. అక్కడ కావలసింది మిల్లీవాట్లే, కాబట్టి వేడి పెద్ద లెక్కలోకి రాదు.

ఏది తీసుకున్నా స్పీకర్ మార్చినప్పుడల్లా ఒకటి, మూడు పనుల్లోని లెక్కలు మళ్లీ వేయండి. 8 ఓముల స్పీకర్లు రెండిటిని ఒకే చానెల్‌కు పక్కపక్కన (పారలల్‌గా) తగిలించడమూ 4 ఓములకు మార్చినట్టే.